వేలిముద్రా, స్కానరూ: మ్యూజియం యంత్రాల ముందు మన చరిత్ర

మా ఇంట్లో ఒక పాత రేకుపెట్టె ఉంది. అందులో మా తాత తండ్రి పేరున రాసిన ఒక అప్పు కాగితం ఉంది. నిజాం కాలం నాటిది. రాత అంతా ఉర్దూలో ఉంది. 1884 నుంచి హైదరాబాద్ రాజ్యంలో కచేరీ భాష ఉర్దూయే గదా. అప్పు తీరేదాకా దొర దగ్గర జీతం ఉంటానని ఆ కాగితంలో రాసి ఉందని, నేను యూనివర్సిటీకి వచ్చి, ఉర్దూ తెలిసిన మిత్రుడి చేత చదివించుకునేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అప్పు తీరినాక కాగితాన్ని దొర ఇంటి నుంచి వెనక్కి తెచ్చుకుని భద్రంగా దాచారు. చదవడం రాని వాళ్లు ఒక కాగితాన్ని మూడు తరాలు దాచారంటే, దాని విలువ వాళ్లకు తెలియకపోలేదు. ఆ కాగితం మీద మా ముత్తాత తన చేత్తో పెట్టింది ఒక్కటే: కింది మూలన, వెలిసిపోయిన నీలి సిరాలో బొటనవేలి ముద్ర. మా నాయన దాన్ని 'నిశాని' అంటాడు. మిగతాదంతా ఎవరో రాసింది, ఎవరి కోసమో రాసింది.

కొన్నేళ్ల కిందట ఒక మ్యూజియం వాళ్లు స్థానిక చరిత్ర సేకరణ పేరుతో పాత కాగితాలు అడిగితే, నేను ఈ కాగితాన్ని కూడా ఇచ్చాను. స్కాన్ చేసుకుని అసలు కాగితాన్ని తిరిగి ఇచ్చారు. కంప్యూటర్‌లో వాళ్లు తీసిన బొమ్మ చూపించారు. ఉర్దూ అక్షరాలు నల్లగా, స్పష్టంగా వచ్చాయి. నేపథ్యం పాలలాగా తెల్లగా ఉంది. మా ముత్తాత వేలిముద్ర ఉండాల్సిన చోట మాత్రం ఒక నల్లటి మచ్చ ఉంది. సిరా ఒలికినట్టు ఉంది తప్ప అది మనిషి వేలు అని ఎవరూ అనుకోరు. పక్కన వివరాల్లో 'ఉర్దూ దస్తావేజు' అని, అప్పు ఇచ్చిన దొర పేరు 'గారు' చేర్చి రాసి ఉంది. అప్పు తీసుకున్నవాడి పేరుకు అసలు గడి లేదు.

యంత్రం దగ్గర కూర్చున్న కుర్రవాణ్ని అడిగాను. "అన్నా, అన్ని కాగితాలకూ ఒకటే సెట్టింగు. బ్లాక్ అండ్ వైట్ పెట్టమన్నరు. ఫైలు చిన్నగ వస్తది" అన్నాడు. అతని తప్పేం లేదు. అతను కాంట్రాక్టు మనిషి, రోజుకు ఇన్ని పేజీలని లెక్క. తప్పు అంతకు ముందే, యంత్రం కొన్నప్పుడూ వివరాల ఫారం తయారు చేసినప్పుడూ జరిగిపోయింది. ఆ గదిలో కూర్చుని నిర్ణయించినవాళ్లలో వేలిముద్రలు వేసిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఎవరూ లేరు.

డిజిటైజేషన్ అంటే ఇంజనీర్ల పని, దానిలో కులానికి చోటేముంది అని మనలో కూడా చాలామంది అనుకుంటున్నారు. మ్యూజియంలో యంత్రాన్ని ఎంచుకోవడమంటే ఏది కనపడాలో నిర్ణయించడం. డిజిటల్ విధానం రాయడమంటే ఎవరికి కనపడాలో నిర్ణయించడం. ఈ రెండు నిర్ణయాలూ మన ప్రమేయం లేకుండా జరగడం కొత్తకాదు. దానికి నూటపాతికేళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

కొలబద్దతో మొదలు

మద్రాసు ప్రభుత్వ మ్యూజియం 1851లో ఏర్పడింది. 1885లో దానికి సూపరింటెండెంటుగా వచ్చిన ఎడ్గార్ థర్‌స్టన్ రెండు దశాబ్దాలకు పైగా అక్కడ పనిచేశాడు. 1901లో మొదలైన జాతుల సర్వేకు మద్రాసు ప్రెసిడెన్సీలో బాధ్యుడు ఆయనే. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలో భాగం. 1909లో కె. రంగాచారి సహాయంతో ఆయన అచ్చువేసిన దక్షిణభారత కులాలూ తెగల ఏడు సంపుటాల్లో మాలలూ మాదిగలూ కూడా ఉన్నారు. మన కులాల మీద రాసేవాళ్లు ఈనాటికీ ఆ సంపుటాలు తిరగేయకుండా ముందుకు పోలేరు.

థర్‌స్టన్ దగ్గరున్న యంత్రాలు ఏమిటి? తలనూ ముక్కునూ కొలిచే కాలిపర్, ఎత్తు కొలిచే నిలువు కొయ్య, కెమెరా. ముక్కు వెడల్పును నూరుతో హెచ్చించి పొడుగుతో భాగిస్తే వచ్చే అంకెను నాసికా సూచిక అన్నారు. మనిషి సాంఘిక హోదా అతని ముక్కు వెడల్పుకు వ్యతిరేక దిశలో ఉంటుందని బెంగాల్‌లో హెర్బర్ట్ రిజ్లీ అప్పటికే సిద్ధాంతం చేశాడు. అంటే, ముందు సిద్ధాంతం వచ్చింది, దానికి తగ్గ యంత్రం తర్వాత వచ్చింది. మనిషి చేతిపనిని కొలిచే యంత్రమేదీ ఆ సంచిలో లేదు. తోలు ఊనడంలోని నేర్పునూ, దప్పు దరువునూ కొలవాలని ఎవరికీ తట్టలేదు. ముక్కును కొలిచే యంత్రం ఉంది కాబట్టి ముక్కే చరిత్ర అయింది.

కొలిపించుకునేవాళ్లకు ఈ సంగతి అర్థం కాకపోలేదు. వాయనాడులో పణియ స్త్రీలు తనను చూసి పారిపోయారని థర్‌స్టన్ తన ముందుమాటలో రాసుకున్నాడు. తమలో మంచి శరీరాలను ఎంచి, గడ్డి కూరి మద్రాసు మ్యూజియంలో నిలబెడతాడని వాళ్లు భయపడ్డారట. నీలగిరుల్లో ఒక ఇరుళ మనిషి ఎత్తు కొలిచే కొయ్యను ఉరికంబం అనుకుని దగ్గరికి రానన్నాడట. థర్‌స్టన్ వీటిని నవ్వులాటగా చెప్పాడు. నాకు మాత్రం ఇవి ఈ దేశంలో మ్యూజియం యంత్రాల మీద వచ్చిన తొలి విమర్శల్లాగా కనపడతాయి. యంత్రం తెచ్చినవాడు ఎవరో, దేనికి తెచ్చాడో, కొలిచినదాన్ని ఎక్కడ పెడతాడో చెప్పకుండా ముందుకొస్తే మనుషులు పారిపోతారు. పారిపోవడం తెలివిమాలినతనమేం కాదు.

వేలిముద్ర కథ కూడా అక్కడిదే. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి, రోడ్డు కంకర సరఫరా చేసే రాజ్యధర్ కొనాయ్ అనే కాంట్రాక్టరు చేత ఒప్పందం వెనుక అరచేతి ముద్ర వేయించాడు. మాట తప్పకుండా భయం పెట్టడమే అప్పుడు ఉద్దేశం. 1897కల్లా కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. ఆ పద్ధతికి గణితం సమకూర్చినవాళ్లు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు స్థానిక పోలీసు ఉద్యోగులు. కాబట్టి, మా ముత్తాత వేలిముద్రకు రెండు ముఖాలున్నాయి. అది ఆయన్ని కట్టేసిన ముడి. ఆయన బతికాడనడానికి మిగిలిన ఏకైక రాత కూడా అదే.

అట్లాగని ఆ కొలతలన్నిటినీ తగలబెట్టాలని నేననడం లేదు. ఇక్కడ బాబాసాహెబ్ నుంచి నేర్చుకోవాల్సింది ఉంది. 1948లో అచ్చయిన అంటరానివారి పుట్టుక మీది పుస్తకంలో ఆయన ఈ నాసికా సూచికల పట్టికలనే బల్ల మీద పెట్టాడు. బ్రాహ్మణుల అంకెలూ అంటరానివాళ్ల అంకెలూ పక్కపక్కన పెట్టి, ఇద్దరూ ఒకే జాతి అని ఈ కొలతలే చెప్తున్నాయి, మరి అంటరానితనానికి జాతిభేదం కారణమన్న వాదం ఎక్కడ నిలుస్తుంది అని నిలదీశాడు. మనల్ని కింద పెట్టడానికి పుట్టిన కొలతలతోనే ఆ వాదాన్ని కూలగొట్టాడు. అట్లా చేయగలగడానికి కారణం, అంకెలు చెరిగిపోకుండా ఉండటం, అవి ఆయనకు అందుబాటులో ఉండటం. రికార్డు చెడ్డదైనా పూర్తిగా ఉంటే రేపు దాన్ని తిరగేసి చదవొచ్చు. నల్లమచ్చను మాత్రం ఎవరూ తిరగేసి చదవలేరు.

రెండు రంగుల నిర్ణయం

ఇక స్కానర్ దగ్గరికి వద్దాం. మన దేశంలో పెద్ద ఎత్తున జరిగిన తొలి డిజిటైజేషన్ ప్రయత్నం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. చిత్తూరు జిల్లాలో పుట్టి, అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఆచార్యుడైన రాజ్ రెడ్డి తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకంలో అది భాగం. 2000 దశకం మొదట్లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ వంటి సంస్థల ఆధ్వర్యంలో స్కానింగ్ కేంద్రాలు నడిచాయి. చైనా, భారత్, ఈజిప్టులను కలుపుకుని పదిహేను లక్షల పుస్తకాలు పూర్తయ్యాయని 2007లో ప్రకటించారు. ఆ పథకం చేసిన మేలు చిన్నది కాదు. లైబ్రరీ గుమాస్తా బీరువా తాళం తీయని కుర్రవాళ్లం, పల్లెల నుంచి వచ్చినవాళ్లం, 1920ల తెలుగు పుస్తకాలను పైసా ఖర్చు లేకుండా చదువుకున్నది దాని పుణ్యానే. నా ఎం.ఫిల్. సగం ఆ స్కాన్ల మీదే నడిచింది.

కానీ ఆ పథకం ఎంచుకున్న ప్రమాణం అంగుళానికి 600 చుక్కలు, నలుపూ తెలుపూ రెండే రంగులు. ఎందుకు? లెక్క చూస్తే అర్థమవుతుంది. ఒక ఎ4 పేజీని అంగుళానికి 300 చుక్కల చొప్పున పూర్తి రంగుల్లో తీస్తే కుదించని ఫైలు సుమారు 26 మెగాబైట్లు. అదే పేజీని 600 చుక్కలతో రెండే రంగుల్లో తీస్తే కుదించకముందు నాలుగున్నర మెగాబైట్ల లోపు, కుదిస్తే కిలోబైట్లలోకి దిగుతుంది. ఆనాటి 40 గిగాబైట్ల డిస్కులో రంగుల పేజీలు పదిహేను వందలు పట్టడమే కష్టం. ఆనాటి డిస్కుల ధరలకు, నెట్ వేగానికి అది తెలివైన నిర్ణయమే. అచ్చు పుస్తకంలో కాగితం తెల్లది, అక్షరం నల్లది. అక్షరమే కావాలనుకుంటే రెండు రంగులు చాలు.

చిక్కంతా ఎక్కడంటే, అచ్చు పుస్తకం కోసం చేసిన ఆ నిర్ణయం అలవాటుగా మారి, పుస్తకాలు కాని వాటి మీదకు కూడా వచ్చింది. రెండు రంగుల స్కాన్‌లో యంత్రం ప్రతి చుక్కనూ ఒకటే ప్రశ్న అడుగుతుంది: నువ్వు నలుపా, తెలుపా? మధ్యలో ఉన్నదాన్ని బలవంతంగా అటో ఇటో తోసేస్తుంది. వేలిముద్రలో ఒక గీతకూ పక్క గీతకూ మధ్య దూరం సుమారు అర మిల్లీమీటరు. 300 చుక్కల స్కాన్‌లో ఆ దూరానికి ఆరు చుక్కలు వస్తాయి. అంటే, గీతలు కనపడటానికి అది చాలు. మా ముత్తాత ముద్ర మచ్చ కావడానికి కారణం చుక్కలు తక్కువ కావడం కాదు. ఒక్కో చుక్కకు 256 ఛాయలు ఇవ్వాల్సిన చోట రెండే ఇచ్చారు. కొత్త స్కానర్ కూడా అక్కర్లేదు, అదే యంత్రంలో ఒక సెట్టింగు మారిస్తే చాలేది. 'ఎన్ని చుక్కలు' అని మాత్రమే అడిగే టెండర్ కాగితంలో ఈ సంగతి ఉండదు.

మన కాగితాలు పుస్తకాల లాంటివి కావు. కారంచేడు (1985 జులై 17) తర్వాతా, చుండూరు (1991 ఆగస్టు 6) తర్వాతా ఊరూరా పంచిన కరపత్రాలు గులాబీ, పసుపు, ఆకుపచ్చ రంగుల చవక కాగితం మీద వచ్చాయి. ముదురు రంగు కాగితాన్ని రెండు రంగుల స్కాన్‌లో పెడితే పేజీ అంతా నల్లబడొచ్చు. సైక్లోస్టైల్ కాగితాలు వెలిసిపోయి ఉంటాయి, అవి తెల్లబడతాయి. సభల మినిట్స్ పుస్తకాల్లో పెన్సిల్‌తో కొట్టేసిన పేర్లూ, తర్వాత వేరే సిరాలో చేర్చిన పేర్లూ ఉంటాయి. ఎవరిని ఎప్పుడు చేర్చారు, ఎవరిని తీసేశారు అన్నది సిరా రంగు చెప్తుంది. సంఘాల్లో ఉపకులాల మధ్య, ఆడవాళ్ల విషయంలో జరిగిన గొడవల చరిత్ర ఆ సిరాలోనే ఉంది. అదంతా నలుపు-తెలుపులో సమానమై పోతుంది. ఆ సమానత్వం మనకక్కర్లేదు.

పేరు లేని గడి

యంత్రం తర్వాత వివరాలు. డిజిటల్ లైబ్రరీ స్కాన్లలో తెలుగు పుస్తకాల పేర్లు ఇంగ్లీషు లిపిలో, ఎవరికి తోచిన స్పెల్లింగుతో వాళ్లు ఎక్కించారు. ఒక పుస్తకం దొరకాలంటే నాలుగు రకాల తప్పు స్పెల్లింగులు ఊహించి వెతకాల్సి వచ్చేది. తర్వాత ఆ పోర్టల్ మూతపడింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరిన ప్రతులే ఇవాళ దిక్కు. పేరు సరిగా రాయని పుస్తకం పోగొట్టుకున్న పుస్తకంతో సమానమని అప్పుడు అనుభవంలో తెలిసింది.

2010 తర్వాతి దశాబ్దంలో కేంద్ర సాంస్కృతిక శాఖ కింది మ్యూజియాల కోసం పుణేలోని సీ-డాక్ 'జతన్' అనే సాఫ్ట్‌వేర్ తయారు చేసింది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం కూడా అందులో చేరింది. ఒక దేశంలోని మ్యూజియాలన్నీ ఒకే పద్ధతిలో వస్తువులను నమోదు చేయడం అవసరమే. కాదనను. అయితే, సాలార్‌జంగ్ మ్యూజియం ఎట్లా పుట్టిందో గుర్తుంచుకోవాలి. మూడో సాలార్‌జంగ్ సేకరించిన వస్తువులతో 1951లో తెరిచి, 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ సంస్థను చేశారు. ప్రభువు కొన్న వస్తువుకు కొన్న తేదీ, శైలి, దేశం ఉంటాయి. ఆ వస్తువులను వర్ణించడానికి పెరిగిన గడులే మనం ఇవాళ వాడుతున్న గడులు: కళాకారుడు, కాలం, శైలి, మాధ్యమం, సేకరణ.

ఈ గడుల్లో ఒక దప్పును పెట్టి చూడండి. కళాకారుడు: తెలియదు. కాలం: తెలియదు. మాధ్యమం: తోలు, కర్ర. దానం చేసినవారు: ఊళ్లో పెద్దమనిషి పేరు. నిజానికి ఆ దప్పు చేసినవాడి మనవడు ఊళ్లో ఉంటాడు. ఏ తోలు, ఎట్లా ఊనారు, ఎన్ని దరువులు, చావుకు ఏది, జాతరకు ఏది, దప్పు కొట్టం అని ఏ సంవత్సరం ఎదురు తిరిగారు, ఎవరు దెబ్బలు తిన్నారు అన్నీ అతను చెప్తాడు. వాటికి గడి లేదు కాబట్టి ఎవరూ అడగరు. వెట్టి దప్పును నిరాకరించడం మన ఉద్యమ చరిత్రలో ఒక ఘట్టం. మ్యూజియం అద్దాల పెట్టెలో అది 'జానపద వాద్యం' అయి కూర్చుంటుంది.

కులం పేర్ల సంగతి ఇంకా చిక్కు. పాత రిజిస్టర్లలో మనల్ని ఏ మాటలతో రాశారో అందరికీ తెలుసు. ఆ మాటలను కొత్త కేటలాగులో అట్లాగే పైన పెడితే, 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఏ అవమానాన్ని నేరమన్నదో దాన్నే ప్రభుత్వ తెర మీద మళ్లీ చూపినట్టవుతుంది. పూర్తిగా చెరిపేస్తే అవమానించినవాడు తప్పించుకుంటాడు. ఈ రెంటికీ మధ్య దారి ఉంది. పాత మాటను 'మూలంలో ఉన్న మాట' అనే వేరే గడిలో, తేదీతో, రాసినవాడి పేరుతో పెట్టాలి. పైన శీర్షికలో ఆ జనం తమకు తాము పెట్టుకున్న పేరు రావాలి. ఆది హిందువు, ఆది ఆంధ్ర అన్న పేర్లు ఊరికే పుట్టలేదు. భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన నాటి నుంచీ పేరు కోసం జరిగిన పోరాటమది.

మన దగ్గర ఏముంది, దానికి ఏ యంత్రం

పెద్ద మ్యూజియాలను విమర్శించి ఊరుకుంటే పని కాదు. మన చరిత్ర ఎక్కువ భాగం మ్యూజియంలో లేదు, రేకుపెట్టెల్లో ఉంది. హైదరాబాద్ ఆది హిందూ ఉద్యమం గురించి పి.ఆర్. వెంకటస్వామి 1955లో రెండు భాగాలుగా రాసిన పుస్తకం మళ్లీ అచ్చుకావడానికి ఆరు దశాబ్దాలకు పైగా పట్టింది. భాగ్యరెడ్డివర్మ నడిపిన పత్రికల సంచికలన్నీ ఒకచోట చూసినవాళ్లు నాకు తెలిసి లేరు. 1989లో మొదలైన 'నలుపు' సంచికలు కూడా పూర్తి వరసగా ఉన్న ఇళ్లు తక్కువ. న్యూస్‌ప్రింట్ కాగితంలోని ఆమ్లం దాన్ని లోపలి నుంచే తినేస్తుంది. మడత దగ్గర ముట్టుకుంటే పొడి అవుతుంది.

అందుకే, యంత్రం ఎంచుకునేటప్పుడు మొదటి ప్రశ్న ధర కాకూడదు. కాగితం ఒంటి స్థితి ఏమిటన్నది మొదటి ప్రశ్న కావాలి. కాగితాలను తనే లాక్కునే ఆఫీసు స్కానర్ వేగంగా పనిచేస్తుంది. కానీ పాత న్యూస్‌ప్రింట్‌ను దానిలో పెట్టడమంటే చంపడమే. ఫ్లాట్‌బెడ్ స్కానర్ విడి కాగితాలకూ ఫొటోలకూ మంచిది. కుట్టిన పుస్తకాన్ని మాత్రం దాని మీద బోర్లించి అదిమితే వెన్ను విరుగుతుంది. కుట్టిన రిజిస్టర్లకూ, పెళుసు పత్రికలకూ పైనుంచి కెమెరాతో తీసే పద్ధతే మేలు. నిలువు స్టాండుకు కెమెరా బిగించి, రెండు పక్కల నుంచి ఒకే రకం దీపాలు 45 డిగ్రీల వాలులో పెట్టి, పుస్తకం కింద మెత్తటి దిండు వేసి తీయాలి. ప్రతి కట్టకూ మొదట రంగుల పట్టీ, స్కేలు పెట్టి ఒక ఫొటో తీయాలి. రేపు చూసేవాళ్లకు కాగితం అసలు రంగు, అసలు సైజు తెలియాలి కదా. కెమెరా ఇచ్చే ముడి ఫైలు నుంచి కుదించని టిఫ్ ప్రతి చేసి దాచాలి. నెట్‌లో పెట్టే చిన్న ప్రతి వేరుగా చేసుకోవాలి. తెలుగు చిన్న అక్షరాల కింద ఒత్తులు కలిసిపోకుండా ఉండాలంటే అంగుళానికి 400 చుక్కలైతే నిశ్చింత.

క్యాసెట్ల విషయంలో ఆలస్యం ఇంకా ప్రమాదం. తొంభైల్లో మన పాట ఊళ్లకు పోయింది క్యాసెట్ మీద. టేపు పాడవడమే కాదు, దాన్ని వాయించే యంత్రాలూ బాగుచేసే మనుషులూ పోతున్నారు. ఆ దశాబ్దం చివర డీటీపీలో చేసిన పత్రికల కథా అంతే. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉన్నా, మన పత్రికలు శ్రీలిపి, అను లాంటి ఫాంట్లలో తయారయ్యాయి. ఇవాళ ఆ ఫ్లాపీ దొరికినా, తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనపడతాయి. ఇరవై ఏళ్ల నాటి డిజిటల్ ఫైలు కన్నా, ఎనభై ఏళ్ల నాటి మా ఇంటి కాగితమే ఎక్కువ చదవగలిగేలా ఉందంటే ఆలోచించండి.

ప్రతులు ఒక్కచోటే ఉండకూడదన్న పాఠం హైదరాబాద్‌కు నీళ్లు నేర్పాయి. అబ్దుస్ సమద్ ఖాన్ అనే ఆయన జీవితకాలం పోగుచేసిన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఉండేవి. 2000 ఆగస్టు వరదల్లో అవి నానిపోయాయి. ఎంతోమంది శ్రమపడి కొంత దక్కించారు. కాబట్టి, కనీసం మూడు ప్రతులు ఉండాలి. రెండు వేరు వేరు రకాల పరికరాల్లో, ఒకటి వేరే ఊళ్లో. ఏడాదికోసారి అవి తెరుచుకుంటున్నాయో లేదో చూసే మనిషి పేరు కాగితం మీద రాసి ఉండాలి. మనిషి పేరు లేని విధానం గోడమీది నినాదమే.

ఎవరికి చూపాలి

ఇప్పుడు నాకే గుచ్చుకునే ప్రశ్న దగ్గరికి వచ్చాను. వేలిముద్ర స్పష్టంగా రావాలని ఇంతసేపూ వాదించాను. 2018లో తెలంగాణలో ఒక కేసు బయటపడింది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో అందరికీ కనపడేలా పెట్టిన భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు స్టాంపు చేసే యంత్రంతో నకళ్లు తయారుచేసి, వాటితో సిమ్ కార్డులు యాక్టివేట్ చేశారు. ఇవాళ పింఛనూ, రేషనూ, బ్యాంకు డబ్బూ వేలిముద్ర మీద నడుస్తున్నాయి. సంతకం చేసేవాడి కన్నా వేలిముద్ర వేసే ముసలమ్మకే ఈ ప్రమాదం ఎక్కువ. అంటే, స్పష్టంగా తీయాలన్న నా కోరికే బతికున్న మనిషి మీద దెబ్బ కావొచ్చు.

అందుకే తీయడం వేరు, చూపడం వేరు. ఈ రెంటినీ ఒకే నిర్ణయంగా చూడటమే మన మ్యూజియాల పెద్ద పొరపాటు. తీసేటప్పుడు పూర్తిగా తీయాలి. చూపేటప్పుడు ఎవరి ముద్ర, బతికున్నారా, ఇంటివాళ్లు ఏమన్నారు అని అడిగి చూపాలి. బతికున్నవాళ్ల వేలిముద్రలను నెట్ ప్రతిలో కప్పేయాలి.

దాడుల రికార్డులకు ఇది ఇంకా అవసరం. కారంచేడులో చనిపోయిన ఆరుగురి, చుండూరులో చనిపోయిన ఎనిమిది మంది పేర్లు దాచేవి కావు, పలకాల్సినవి. కానీ శవాల ఫొటోలు ప్రతి సెల్‌ఫోన్‌లోకీ పోవాలా అన్నది ఆ ఇళ్లవాళ్లు చెప్పాలి. అత్యాచారానికి గురైన స్త్రీల పేర్లు బయటపెట్టడం చట్టరీత్యా నేరం. ఎఫ్ఐఆర్‌లనూ కరపత్రాలనూ కట్టలు కట్టలుగా స్కాన్ చేసి నెట్‌లో పెట్టే ఉత్సాహంలో మనవాళ్లే ఆ పేర్లు బయటపెట్టే ప్రమాదం ఉంది. సాక్షులు ఆ ఊళ్లోనే బతుకుతున్నారు, కూలికి ఆ పొలాలకే పోతున్నారు. చరిత్రకారుడికి అది 'ఆధారం'. సాక్షికి అది రేపటి పని.

దీనికి దారి చూపిన అనుభవాలు ఉన్నాయి. ఆస్ట్రేలియాలో టెనంట్ క్రీక్ దగ్గరి వారుముంగు ఆదివాసులు 2007లో తమ ఫొటోలకూ పాటలకూ 'ముకుర్తు' అనే డిజిటల్ భాండాగారం కట్టుకున్నారు. ఎవరు ఏది చూడొచ్చన్నది అక్కడ ఆ సమాజపు కట్టుబాట్లే నిర్ణయిస్తాయి. ఆ సాఫ్ట్‌వేర్ ఇవాళ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. బ్రిటిష్ లైబ్రరీ 2004 నుంచి నడుపుతున్న ప్రమాదంలో ఉన్న రికార్డుల పథకంలో మూల పత్రాలు దేశం దాటవు, యంత్రాలు స్థానిక సంస్థకే మిగులుతాయి. ఆ పథకం 2018లో అచ్చువేసిన చేతిపుస్తకం ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. నిధులిచ్చేవాడి నిబంధనలన్నీ నెత్తిన పెట్టుకోమని నేననను. యంత్రం ఎవరి దగ్గర మిగులుతుంది అన్న ప్రశ్న మాత్రం మనం తప్పకుండా నేర్చుకోవాల్సింది. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఆదివాసుల పద్ధతిని అట్లాగే తెచ్చుకోలేం. అక్కడ దాచుకునే హక్కు కోసం పోరాటం. మనకు శతాబ్దాలుగా చదువును దాచిపెట్టింది పైవాళ్లు. తాళాలు వేసే అలవాటును మనం తేలిగ్గా తీసుకోలేం. అందుకని మన సూత్రం ఇట్లా ఉండాలి: అంతా తెరిచే ఉంచాలి, మూయాల్సి వస్తే కారణం రాసి, ఎన్నాళ్లో తేదీ వేసి, ఎవరు మూశారో పేరు పెట్టి మూయాలి.

చివరగా

మొన్న దసరాకు ఊరికి పోయినప్పుడు, ఒక మిత్రుడి కెమెరా తీసుకుపోయి, కిటికీ పక్కన పీట మీద మా ముత్తాత కాగితాన్ని మళ్లీ ఫొటో తీశాను. రంగుల్లో. బొమ్మను పెద్దది చేసి మా నాయనకు చూపించాను. గీతల మధ్య అడ్డంగా ఒక తెల్లటి చార ఉంది. "కొడవలి కోత అది" అన్నాడు మా నాయన. వేలు తెగిన మచ్చ మీద సిరా పట్టదు. ఆయన చెప్పింది ఊహ కావొచ్చు. కానీ ఆ ఊహ చేయడానికి కూడా గీతలు కనపడాలి. కాగితం కింద నేనిప్పుడు మా ముత్తాత పేరు, ఊరు, చేసిన పని రాసిపెట్టాను. దొర పేరు రెండో వరసలో రాశాను.

ఈ పత్రిక చదివే ఉపాధ్యాయులకూ, విద్యార్థులకూ, సంఘాల్లో పనిచేసేవాళ్లకూ నాదొక మనవి. ఇవాళో రేపో మీ ఊరికీ, మీ కాలేజీకీ స్కానర్ పట్టుకుని ఎవరో ఒకరు వస్తారు. థర్‌స్టన్ కాలంలోలాగా పారిపోవాల్సిన పని లేదు. కాగితం చేతికిచ్చే ముందు ఈ ప్రశ్నలు అడగండి. రంగుల్లో తీస్తారా? వివరాల ఫారంలో చేసినవాడికీ, ముద్ర వేసినవాడికీ గడి ఉందా? తెలుగు పేరు తెలుగులోనే రాస్తారా? పూర్తి ప్రతి ఒకటి మాకిస్తారా? ఎవరికి చూపాలో మమ్మల్ని అడుగుతారా? యంత్రం కొనే కమిటీలో మనవాళ్లు ఎందరు? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. సంతకంతో.